నా టీషర్టు మీద కొండలు

ఈసారి నాకు ఇష్టమైన బ్యాండ్ చరిత్ర రాస్తున్నాను. తప్పులుంటే చెప్పండి, దిద్దుకుంటాను.

పోయిన నెల వీడియో కాల్‌లో అమ్మమ్మ నా టీషర్టు చూసి, "ఆ కొండలేంటే?" అని అడిగింది. నల్ల బట్ట మీద తెల్ల గీతలు. తెలుగులో ఎలా చెప్పాలో తెలియక నవ్వి ఊరుకున్నాను. ఇదిగో జవాబు.

అవి కొండలు కావు. 1967లో జోసెలిన్ బెల్ కనిపెట్టిన మొదటి పల్సార్ పంపిన రేడియో సంకేతాలు. పల్సార్ అంటే ఒక పెద్ద నక్షత్రం చచ్చిపోయాక మిగిలిన ముద్ద. అది గిర్రున తిరుగుతూ సంకేతాలు పంపుతుంది. ఖగోళశాస్త్ర పుస్తకంలోని ఆ బొమ్మను పీటర్ సావిల్ 1979లో జాయ్ డివిజన్ మొదటి ఆల్బమ్ 'అన్‌నోన్ ప్లెజర్స్' అట్ట మీద పెట్టాడు.

ఈ బ్యాండ్ కథ 1976 జూన్‌లో మాంచెస్టర్‌లో మొదలైంది. బెర్నార్డ్ సమ్నర్, పీటర్ హుక్ అనే ఇద్దరు స్నేహితులు సెక్స్ పిస్టల్స్ కచేరీకి వెళ్ళారు. మనమూ వాయించవచ్చు అనుకున్నారు. తర్వాత గాయకుడు ఇయన్ కర్టిస్, డ్రమ్మర్ స్టీఫెన్ మోరిస్ చేరారు.

మామూలుగా బేస్ గిటార్ కింద ఉండి పాటను మోస్తుంది. కానీ సమ్నర్ గిటార్ మోతలో హుక్‌కి తన బేస్ తనకే వినబడేది కాదు. అందుకని పై స్వరాలు వాయించాడు. అలా బేసే రాగం పాడింది! నిర్మాత మార్టిన్ హానెట్ డ్రమ్ములను విడివిడిగా రికార్డు చేసి, ప్రతిధ్వని కలిపాడు. వింటుంటే ఖాళీ గోదాములో నిలబడినట్టు ఉంటుంది. హుక్‌కీ సమ్నర్‌కీ మొదట ఆ శబ్దం నచ్చలేదు. ఇప్పుడు ఎన్నో బ్యాండ్లు దాని కోసమే తంటాలు పడుతున్నాయి.

కర్టిస్‌కి మూర్ఛ జబ్బు ఉండేది. మనసూ బాగుండేది కాదు. 1980 మే 18న, అమెరికా ప్రయాణానికి ముందు రోజు, తన ప్రాణం తానే తీసుకున్నాడు. రెండో ఆల్బమ్ 'క్లోజర్' ఆ జూలైలో వచ్చింది. మిగిలిన ముగ్గురూ న్యూ ఆర్డర్ అనే పేరుతో కొనసాగారు. 1983లో వాళ్ళ 'బ్లూ మండే' డాన్సు క్లబ్బులను ఊపేసింది.

ఇది నిన్న అమ్మమ్మకు ఫోన్‌లో చదివి వినిపించాను. "ఎన్నేళ్ళకి పోయాడు?" అంది. నేను నిఘంటువులో 'మరణించాడు' నేర్చుకున్నాను. 'పోయాడు' మెత్తగా ఉంది.

"ఇరవై మూడు," అన్నాను.

"అయ్యో, పసివాడే," అంది. కాసేపాగి, "ఏదీ, ఒక పాట పెట్టు," అంది.