ఎర్ర కొమ్ము శాపం

ఆ పక్షి కూత ఆగి ఆగి, మెల్లగా మొదలవుతుంది. రాను రాను వేగం పుంజుకుని, అడవంతా మారుమోగే పకపక నవ్వులో ముగుస్తుంది. సుమత్రా, బోర్నియో దీవులూ, మలయా ద్వీపకల్పమూ తరతరాలుగా విన్న గొంతు అది. ఇప్పుడు అక్కడి ఎన్నో కొండలకు ఆ గొంతే కరవైంది.

దాని పేరు హెల్మెటెడ్ హార్న్‌బిల్. బరువు మూడు కిలోలు. తోక మధ్యలో రెండు పొడవాటి ఈకలు. మిగతా హార్న్‌బిల్‌ల ముక్కు మీది దిమ్మ లోపల బోలుగా ఉంటే, దీనిది గట్టి కొమ్ము. ఒంటి బరువులో ఇంచుమించు పదో వంతు ఆ తలదే. మగపక్షులు గాలిలో ఎదురెదురుగా దూసుకొచ్చి ఆ దిమ్మలతోనే ఢీకొంటాయి. తోక మొదట్లో ఊరే తైలాన్ని రుద్దుకుని దానికి ఎర్రరంగు పట్టిస్తాయి. కస్తూరి మృగానికి కస్తూరి ఎలాగో, ఈ పక్షికి ఆ కొమ్ము అలా ప్రాణాంతకమైంది.

మింగ్ వంశపు కాలం నుంచే చైనా శిల్పులు దాన్ని దంతంలా చెక్కేవారు. అంతర్జాతీయ వ్యాపారంపై 1975 నుంచీ నిషేధం ఉంది. అయినా కొత్త సంపన్నుల మోజుతో 2012 తర్వాత వేట విజృంభించింది. ఒక్క 2013లోనే ఇండోనేసియాలోని పశ్చిమ కాలిమంతాన్‌లో దాదాపు 6,000 పక్షులు బలయ్యాయని అంచనా. ఆ రాష్ట్రం తన చిహ్నంగా ఎంచుకున్న పక్షి ఇదే! 2015లో దీన్ని అంతరించిపోయే ముప్పు అత్యంత తీవ్రంగా ఉన్న జాతుల్లో చేర్చారు.

గూళ్లలో పోయిన ప్రాణాలు ఆ లెక్కకు రావు. ఆడపక్షి మహావృక్షపు తొర్రలో చేరి, ముక్కు పట్టేంత సందు వదిలి ద్వారం మూసుకుంటుంది. ఐదు నెలల పాటు దానికీ, ఒక్కగానొక్క పిల్లకీ తిండి తెచ్చేది మగపక్షే. మర్రి జాతి పళ్లు ఏరుకొస్తూ అది తుపాకీకి చిక్కిందా, లోపల తల్లీబిడ్డలు ఆకలికి మాడిపోవలసిందే. కలప కోసం ఆ చెట్లను కొట్టేశాక మిగిలిన జంటలకు తొర్రలూ దొరకడం లేదు.

దక్షిణ థాయిలాండ్‌లోని బూడో కొండల్లో పిలాయ్ పూన్‌స్వాద్ అనే శాస్త్రవేత్త, ఒకప్పుడు హార్న్‌బిల్ పిల్లల్ని దొంగిలించి అమ్మినవాళ్లనే గూళ్లకు కాపలాదారులుగా మార్చారు. నగరవాసులు గూళ్లను దత్తత తీసుకుని ఆ పనికి డబ్బు పంపుతున్నారు. మనిషి మారగలడనడానికి ఇంతకన్నా రుజువు అక్కర్లేదు. కానీ ఒక్కో కాన్పుకు ఒక్క పిల్లనే పెంచే జాతి, పోయినవాటి లోటు పూడ్చుకోవాలంటే దశాబ్దాలు పడుతుంది. అంత గడువు దానికి దక్కాలంటే ఎర్ర కొమ్ము నగలు కొనేవాళ్లు ఇవాళే ఆ మోజు వదులుకోవాలి.