చెక్ వాహన, సైనిక ఇంజనీరింగు – రాయలసీమలో దాని జాడలు

రెండు ప్రపంచ యుద్ధాల మధ్య కాలంలో చెకొస్లొవేకియా కర్మాగారాలు ఫిరంగులకు, మెషిన్‌గన్‌లకు, ట్యాంకులకు, కార్లకు పేరుపొందాయి. 1939లో నాజీ జర్మనీ ఆక్రమించాక అవే కర్మాగారాలు ఆక్రమణదారు సైన్యానికి పనిచేయాల్సి వచ్చింది. 1945లో జాతీయమయ్యాక వాటి డిజైన్లు స్వతంత్ర భారతదేశానికి ధారాళంగా వచ్చాయి. కర్నూలు, కడప ప్రాంతాల్లో వాటి జాడ ఆయుధశాలల్లో కన్నా దుక్కి చేలల్లోనూ మెకానిక్ షెడ్లలోనూ ఎక్కువ.

ఆక్రమణకు ముందు

ప్లజెన్ నగరంలో 1859లో మొదలైన యంత్రశాలను ఇంజనీరు ఎమిల్ స్కోడా 1869లో కొని పెద్ద ఆయుధ కర్మాగారంగా పెంచాడు. కార్ల కథ మాత్రం వేరే ఊరిది. మ్లాడా బొలెస్లావ్‌లో లౌరిన్, క్లెమెంట్ అనే ఇద్దరు 1895లో సైకిళ్లతో మొదలుపెట్టి మోటారు సైకిళ్లకు, కార్లకు ఎదిగారు. 1925లో ఆ సంస్థ స్కోడాలో కలిసింది.

కోప్రివ్‌నిత్సేలో గుర్రబ్బగ్గీలు చేసే కార్ఖానా తరువాతి కాలంలో టాట్రా అయింది. అక్కడి డిజైనరు హాన్స్ లెడ్‌వింకా 1923లో వాహనపు చట్రాన్నే మార్చేశాడు. మామూలు లారీకి కింద నిచ్చెనలాంటి చట్రం ఉంటుంది. టాట్రాకు నడుమ ఒకే లావుపాటి గొట్టం, దాని లోపలే ఇంజను శక్తిని చక్రాలకు చేర్చే షాఫ్టు. గొట్టానికి రెండు వైపులా అర ఇరుసులు దేనికవే పైకీ కిందికీ ఆడతాయి. గుంటలో ఒక చక్రం దిగినా బండి మొత్తం మెలితిరగదు. ఇన్ని దశాబ్దాలైనా టాట్రా లారీలు ఈ సూత్రాన్ని వదల్లేదు.

బర్నో నగరపు ఆయుధ కర్మాగారంలో వాత్స్లావ్ హోలెక్ రూపొందించిన తేలికపాటి మెషిన్‌గన్‌ను బ్రిటిష్ వారు తమ తూటాకు తగ్గట్టు మార్చుకున్నారు. బర్నో, ఎన్‌ఫీల్డ్ పేర్లలోని మొదటి అక్షరాలు కలిసిన ఆ బ్రెన్ గన్‌ను రెండో ప్రపంచ యుద్ధంలో భారత సైనికులు మోశారు. స్వాతంత్ర్యం తరువాత కూడా అది మన సైన్యంలో చాలాకాలం కొనసాగింది.

ఆక్రమణ కాలం

1938 మ్యూనిక్ ఒప్పందంతో చెకొస్లొవేకియా సరిహద్దు కోటలను పోగొట్టుకుంది. 1939 మార్చి 15న జర్మన్ సేనలు ప్రాగ్‌లో దిగాయి. ప్రాగ్‌లోని సీకేడీ సంస్థకు చెక్ సైన్యం అంతకు ముందటి ఏడాదే 150 తేలిక ట్యాంకులు ఆర్డరిచ్చింది. వాటిలో ఒక్కటి కూడా ఆ సైన్యానికి దక్కలేదు. జర్మన్లు వాటిని తీసుకుని, తయారీని కొనసాగించి, 1942 నాటికి 1,400కు పైగా చేయించుకున్నారు. 1940లో ఫ్రాన్సు మీదికి దూసుకుపోయిన జర్మన్ సేనాని రొమ్మెల్ దళంలో నడిచినవి ఎక్కువగా ఇవే. సొంత దేశాన్ని కాపాడేందుకు గీసిన ట్యాంకు పొరుగు దేశాల మీద దండయాత్రకు పనికొచ్చిందన్నమాట. 1944లో అదే చట్రం మీద ‘హెట్సర్’ అనే ట్యాంకు విధ్వంసకం వచ్చింది. 1945 మార్చిలో సీకేడీ మీద, ఏప్రిల్‌లో ప్లజెన్ స్కోడా మీద అమెరికా విమానాలు బాంబులు వేశాయి.

ఇదే కాలంలో జావా సంస్థలో ఇంకో పని రహస్యంగా సాగింది. ఆయుధాల తయారీదారు ఫ్రాంటిషెక్ యానెచెక్ 1929లో జర్మన్ వాండరర్ లైసెన్సుతో మొదలుపెట్టిన మోటారు సైకిళ్ల సంస్థ అది. జర్మన్ల కళ్లుగప్పి అక్కడి ఇంజనీర్లు 250 సీసీ కొత్త బండిని తయారుచేసుకున్నారు. యుద్ధం ముగియగానే, 1946లో పారిస్ ప్రదర్శనలో అది అందరి కళ్లనూ లాగింది.

యుద్ధం తరువాత

1945 అక్టోబరులో పెద్ద కర్మాగారాలు జాతీయమయ్యాయి. స్కోడా కార్ల విభాగం ప్లజెన్ నుంచి విడిపోయింది. జర్మన్లకు సహకరించాడన్న అభియోగం మీద లెడ్‌వింకా 1951 దాకా జైల్లో ఉన్నాడు. బర్నో ఆయుధ కర్మాగారం నుంచి 1946లో జెటార్ ట్రాక్టరు వచ్చింది. 1948లో కమ్యూనిస్టులు అధికారానికి వచ్చాక దేశం సోవియట్ కూటమిలో చేరింది. డాలర్ల కొరతతో ఉన్న భారతదేశానికి ఇది కలిసొచ్చింది. తూర్పు ఐరోపా దేశాలతో రూపాయల్లోనే లావాదేవీ కుదిరేది.

తెలుగు నేలపై మొదటి పెద్ద ఫలితం హైదరాబాదు శివార్లలోని రామచంద్రాపురం. 1964లో విద్యుత్ యంత్రాలు చేసే ప్రభుత్వ సంస్థ బీహెచ్ఈఎల్ ఏర్పడినప్పుడు హరిద్వార్ కర్మాగారానికి సోవియట్ సాయం, తిరుచ్చి బాయిలర్ల కర్మాగారానికీ రామచంద్రాపురానికీ చెక్ సాయం అందింది. 1965 చివర్లో రామచంద్రాపురంలో ఉత్పత్తి మొదలైంది. మొదట్లో ఇక్కడ చేసింది స్కోడా డిజైనుతో 60, 110 మెగావాట్ల టర్బైన్లు. కడప జిల్లా ముద్దనూరు దగ్గర 1994లో మొదలైన రాయలసీమ తాప విద్యుత్కేంద్రంలోనూ బీహెచ్ఈఎల్ యంత్రాలే ఉన్నాయి గానీ, అప్పటికి ఆ సంస్థ వేరే డిజైన్లకు మారిపోయింది. కాబట్టి దాన్ని చెక్ వారసత్వం కింద లెక్కవేయకూడదు.

సైనిక రంగంలో పెద్ద ఒప్పందం టాట్రా లారీల కోసం 1986లో ప్రభుత్వ రంగ సంస్థ బీఈఎంఎల్‌తో కుదిరింది. చిత్తూరు సరిహద్దు దాటగానే కర్ణాటకలో ఉండే కోలారు బంగారు గనుల ఊళ్లో తెలుగు కుటుంబాలు తరతరాలుగా ఉన్నాయి. అక్కడ బీఈఎంఎల్‌కు కర్మాగారం ఉంది. ఆ సంస్థ టాట్రా లారీలు తయారుచేసింది. పృథ్వి క్షిపణి, పినాక రాకెట్లు, బ్రహ్మోస్ వీటి మీదే ఎక్కాయి. 2012లో కొనుగోళ్ల మీద వివాదం రేగి సీబీఐ దర్యాప్తు దాకా వెళ్లింది.

జావా, జెటార్

మైసూరులో ఐడియల్ జావా సంస్థ 1961లో బండ్ల తయారీ మొదలుపెట్టింది. 1973 నుంచి వాటి పేరు యెజ్డి. వీటిలో కిక్ రాడ్డూ గేర్ రాడ్డూ ఒకటే. రాడ్డును లోపలికి నొక్కి పైకి తిప్పితే కిక్, స్టార్టయ్యాక కిందికి వాలిస్తే గేరు. కొత్తవాడికి ఎవరైనా చూపిస్తే తప్ప బండి కదలదు. టూస్ట్రోక్ ఇంజను గనక పెట్రోల్లో ఆయిలు కలిపి పోయాలి. ఒక్క సిలిండరుకే రెండు సైలెన్సర్లు. ఈ కర్మాగారం 1996లో మూతబడింది. 2018లో మరో సంస్థ జావా పేరును మళ్లీ మార్కెట్లోకి తెచ్చింది గానీ అది పూర్తిగా వేరే ఇంజను.

రాయలసీమ రైతుకు వీటన్నిటికన్నా దగ్గరిది జెటార్. నంద్యాల, కోయిలకుంట్ల, జమ్మలమడుగు వైపు నల్లరేగడి ఎండాకాలంలో బీటలువారి రాయిలా గట్టిపడుతుంది. ఎద్దులతో మడక కట్టి లోతు దుక్కి చేయాలంటే ఒక జత చాలదు, రోజులూ చాలవు. వాన పదునేమో నాలుగు నాళ్లే. ఆ పదును దాటితే శనగ, పత్తి, జొన్న ఏదైనా ఆలస్యమే. అందుకే ఈ నేలలో ట్రాక్టరు అంటే ముందు గుర్తొచ్చేది సొంత సేద్యం కన్నా బాడుగ దుక్కి. దుక్కి లేని నెలల్లో అదే ట్రాక్టరు ట్రాలీ తగిలించుకుని బేతంచెర్ల, కడప బండలు తోలుతుంది.

కేంద్ర ప్రభుత్వ సంస్థ హెచ్ఎంటీ 1971లో హర్యానాలోని పింజోర్‌లో జెటార్ సాంకేతికతతో 25 హార్స్‌పవర్ ట్రాక్టరు తయారీ మొదలుపెట్టింది. దుర్గాపూర్ పరిశోధనశాలలో మనవాళ్లే రూపొందించిన స్వరాజ్ డిజైను చేతిలో ఉండగా విదేశీ డిజైను ఎందుకన్న వాదన అప్పుడే వచ్చింది. స్వరాజ్ తరువాత పంజాబులో వేరే సంస్థ చేతుల మీదుగా 1974లో బయటికి వచ్చింది. ఆ విమర్శలో న్యాయం ఉంది. అయితే జెటార్‌కు ఒక మేలు ఉంది. 1960 నుంచి ఆ సంస్థ రెండు, మూడు, నాలుగు సిలిండర్ల ఇంజన్లను ఒకే కుటుంబంగా రూపొందించింది. చాలా విడిభాగాలు ఒకదానివి మరొకదానికి సరిపోయేవి. పట్నం షోరూముకు దూరంగా ఉన్న పల్లె మెకానిక్‌కు ఇంతకన్నా కావలసిందేముంది?

హెచ్ఎంటీ తరువాత 35, 59 హార్స్‌పవర్ నమూనాలూ తెచ్చింది. ప్రైవేటు కంపెనీల పోటీకి తట్టుకోలేక నష్టాల్లో కూరుకుపోయింది. పింజోర్ ట్రాక్టర్ల విభాగాన్ని మూసివేయాలని కేంద్ర మంత్రివర్గం 2016 అక్టోబరులో నిర్ణయించింది.