బస్తర్ కర్ర ఇళ్లు: కుంగిన స్తంభాన్ని లేపడం ఎలా?

బస్తర్ పల్లెల్లో చాలా పాత ఇళ్ల పైకప్పు బరువును మోసేది మట్టిగోడ కాదు, నేలలో పాతిన కర్ర స్తంభాలు. వాటిమీద దూలాలు, దూలాలపై వాసాలు, ఆపైన పెంకులు. గోడ స్తంభాల మధ్య అడ్డు మాత్రమే. అందుకే గోడ చెక్కుచెదరకుండా కనిపిస్తూనే ఇల్లు ఒకవైపు ఒరిగిపోవచ్చు.

స్తంభాలకు ఎక్కువగా వాడేది ఛత్తీస్‌గఢ్ రాష్ట్ర వృక్షమైన సాల, అంటే తెలుగువారి గుగ్గిలం చెట్టు. దీని చేవ గట్టిదే. కానీ తడి, గాలి రెండూ అందే నేలమట్టం దగ్గర ఏ కర్రకైనా ముప్పే. అక్కడ గునపం మొనతో పొడిస్తే మెత్తగా దిగిందంటే మొదలు కుళ్లినట్టే. మొన దిగకపోయినా స్తంభం కిందికి జారిందంటే లోపం నేలది. శబరి ఒడ్డున కోంటా వైపు ఇది కొత్త కాదు. 2022 జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు చేరినప్పుడు శబరి నీరు వెనక్కి తన్ని ఆ ప్రాంతాన్నీ ముంచింది. వరద తీసిన వెంటనే ఇల్లు సరిచేయడం వృథా శ్రమ. నేల ఆరేదాకా ఆగాలి.

పని పైనుంచి మొదలవుతుంది. ముందు ఆ భాగంలో పెంకులు దించి బరువు తగ్గించాలి. స్తంభానికి రెండు పక్కలా దూలం కింద పోట్లు పెట్టాలి. జాకీని వెడల్పాటి పలకమీద ఉంచాలి, లేకుంటే ఇల్లు లేవదు, జాకీయే నేలలో దిగబడుతుంది. నీళ్ల ట్యూబుతో అన్ని స్తంభాలమీదా ఒకే మట్టం గీత పెట్టుకుని, కొంచెం ఎత్తడం, ఆగడం, కీళ్లు చూసుకోవడం. ఏళ్ల తరబడి కుంగినదాన్ని ఒక్కపూటలో లేపితే గోడ చీలుతుంది, కీళ్లు ఊడతాయి. తలుపు మళ్లీ సరిగ్గా పడితే చాలు, పూర్తి సమమట్టం కోసం పట్టుబట్టనక్కర్లేదు.

తర్వాత కుళ్లిన మొదలు కోసేసి, గట్టి నేలమీద పరిచిన బండరాయిపై స్తంభాన్ని నిలుపుతారు. చాలామంది పొరపాటు చేసేది ఇక్కడే. పాతిన స్తంభం గాలికి తనంతట తాను నిలబడుతుంది, రాయిమీది స్తంభం నిలబడదు. దూలానికీ స్తంభానికీ మధ్య ఏటవాలు ఊతకర్రలు బిగించకపోతే, స్తంభం అడుగును రాయికి ఇనుప పట్టీతో కట్టకపోతే, మంచి స్తంభాలున్న ఇల్లే ఈదురుగాలికి పక్కకు వాలుతుంది.

ప్రధానమంత్రి ఆవాస్ యోజన గ్రామీణ్ సాయం కొత్త పక్కా ఇంటికే. పాత స్తంభం ఖర్చు ఇంటివారిదే. ఒక్క మొదలు మార్చితే సరిపోయేచోట ఇల్లంతా కూల్చే ముందు ఈ లెక్క వేసుకోవాలి. సరిచేసిన ఇంటికి మొదటి వానాకాలం దాటాక మట్టం గీత మరోసారి చూడాలి.