గుత్తి సమాధి రాళ్ళు, మన మగ్గాల చరిత్ర



వార్షికోత్సవ సంచికకు చరిత్ర మీద ఏదన్నా రాయమన్నారు. మాది ఎనిమిదో తరగతి చదువు. సంఘం లెక్కలు రాసే చెయ్యే గాని చరిత్ర రాసే చెయ్యి కాదు. అయినా ఒక సంగతి మీతో చెప్పుకోవాలనిపించింది.

మా సంఘం సభ్యుల పిల్లోడొకడు గుత్తి కోట చూడ్డానికి పోయి, కొండ కింద ఉండే తెల్లోళ్ళ సమాధుల ఫొటోలు సెల్లులో తీసుకొచ్చినాడు. సాయంత్రం మగ్గాలు ఆపినాక అందరం చుట్టూ కూచొని చూసినాము. రాళ్ళ మీద పేరు, చచ్చిపోయిన తేదీ, వయసు, ఉద్యోగం చెక్కి ఉంటాయి. నాలుగు వరసల్లో ఒక మనిషి బతుకంతా తెలిసిపోతుంది.

గుత్తి అప్పట్లో మన బళ్ళారి జిల్లాలోనిదే. 1882లో అనంతపురం జిల్లా వేరు పడినప్పుడు అటు పోయింది. 1953లో బళ్ళారి మైసూరు రాష్ట్రంలో కలిసి, ఆదోని, ఆలూరు, రాయదుర్గం ఆంధ్రకు పోయినాయి. గీతలు మారినాయి గాని చరిత్ర ఒకటే. ఆ రాళ్ళు మనవి కూడా.

సర్ థామస్ మన్రోను మొదట పూడ్చినది ఆ తోటలోనే. 1800లో నిజాం ఈ సీమను కంపెనీకి ఇచ్చేసినాక, 1807 దాకా ఇక్కడ పెద్ద కలెక్టరుగా ఉన్నది ఆయనే. మంత్రాలయం రాయరు బృందావనం ముందర ఆయన నిలబడిన కథ మన ముసలోళ్ళు ఇప్పటికీ చెప్తారు. పిల్లలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకున్నోళ్ళూ ఉన్నారు. తర్వాత మద్రాసు గవర్నరయినాడు. సీమ చూడ్డానికి వచ్చి 1827 జూలై 6న పత్తికొండలో కలరా తగిలి చనిపోయినాడు. గుత్తిలో పూడ్చినారు. 1831లో ఆ అస్థులు తీసుకుపోయి మద్రాసు కోటలోని సెయింట్ మేరీస్ చర్చిలో పెట్టినారు.

ఆ చర్చి ఫొటోలు కూడా పిల్లోడు సెల్లులో వెతికి చూపించినాడు. 1680లో కట్టిన చర్చి. దాని ఆవరణంతా సమాధి రాళ్ళే, నేల మీద బండలు పరిచినట్టు. అవి మొదట అక్కడివి కావు. కోట బయట పాత శ్మశానంలో ఉండేవి. 1758-59లో ఫ్రెంచివాళ్ళు కోటను ముట్టడించినప్పుడు ఆ గోరీల చాటునే దాక్కొని కాల్చినారు. మళ్ళా అట్ల కాకూడదని గోరీలు పీకి, రాళ్ళు తెచ్చి చర్చి చుట్టూ పరిచినారు. గోరీలు పోయినా రాళ్ళ మీద పేర్లు పోనియ్యలేదు.

అది చూసి మాలో ఒకామె అడిగింది, "ఈ దొరలు ఇంత దూరం దేనికొచ్చినారన్నా?" అని. గుడ్డ కోసమే తల్లీ అన్నాము. 1639లో మద్రాసులో కంపెనీ కాలు పెట్టింది మనవాళ్ళు నేసిన, అద్దిన గుడ్డ కొనడానికే. 1734లో చింతాద్రిపేట కట్టించింది సాలెవాళ్ళను, నూలు వడికేవాళ్ళను కూర్చోబెట్టడానికే.

మన్రో 1813లో ఇంగ్లండు పార్లమెంటు ముందర సాక్ష్యం చెప్పినాడు. బారామహల్‌లో కంపెనీ మనుషులు పెద్ద నేతగాళ్ళను ఒకచోట చేర్చి, కంపెనీకే నేస్తామని ఒప్పుకొనేదాకా కాపలా పెట్టినారని చెప్పినాడు. ఒక దేశవాళీ శాలువా ఏడేళ్ళు వాడినా పెద్ద తేడా రాలేదని, సీమ శాలువా ఊరికే ఇచ్చినా కప్పుకోనని కూడా అన్నాడు. మన పని గొప్పదని పరాయి దొర చెప్పిన మాట దస్త్రంలో నిలిచింది. ఆ శాలువా నేసినవాళ్ళ పేరు ఎక్కడా లేదు. కాపలాలో కూర్చున్న నేతగాళ్ళ పేర్లూ లేవు. 1876-78 ధాత కరువులో మన జిల్లాలో పోయినవాళ్ళకు లెక్కే గాని రాయి లేదు.

ఇక్కడ మా తప్పు కూడా ఒప్పుకోవాలి. మా సంఘం మొదటి వాటాదార్ల రిజిస్టరు బీరువా కింద అరలో ఉండేది. ఇన్నేండ్లు మేము తెరిచి చూడలేదు. ఈ ఫొటోలు చూసినాక పోయి తీస్తే సగం చెదలు తినింది. మిగిలిన పుటల్లో వేలిముద్రలు, పక్కన పేర్లు. మాకు పడుగు పట్టడం నేర్పిన తాత పేరు అందులో సగమే మిగిలింది. ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు. దొరల రాళ్ళు రెండు వందల ఏండ్లు ఎండా వానా తట్టుకున్నాయి. మనవాళ్ళ పేర్లు మా చేతుల్లోనే పోయినాయి.

మిగిలిన పుటలన్నీ ఆ పిల్లోడి చేతనే ఫొటోలు తీయించినాము. ప్రతి సంఘమూ ఈ పని చెయ్యాలని మా మనవి. పాత రిజిస్టర్లు, పాసు పుస్తకాలు, గుంట మగ్గాలు, వాటి ముందర ముసలివాళ్ళు, అన్నీ ఫొటో తీయండి. పేరు, ఊరు, ఏమి నేసేవారో కింద రాయండి. సమాధి రాయిగాని, ఊళ్ళో శిలాఫలకంగాని ఉంటే పొద్దున్నే ఏటవాలు ఎండలో తీయండి, అరిగిన అక్షరం కూడా కనబడుతుంది. సుద్ద పూయొద్దు, ఇనుముతో గీకొద్దు.

ఈ సంచిక కాగితం మీద కాదు, సెల్లులో వచ్చేది. దీనికి చెదలు పట్టవు. వచ్చే ఏటి సంచికలో మన తాతల పేర్లు వరసగా చూడాలని మా ఆశ.