ఎల్లలు దాటే వాయు కాలుష్యం: శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలు

ఒకచోట పుట్టిన పొగ, ధూళి, విషవాయువులు గాలివాటున సరిహద్దులు దాటి మరోచోటి మనుషుల ఆరోగ్యాన్ని, బతుకుతెరువును దెబ్బతీయడమే ఎల్లలు దాటే వాయు కాలుష్యం. కెనడాలోని ట్రెయిల్ లోహశుద్ధి కర్మాగారం పొగ అమెరికా పొలాలను మాడ్చిన వివాదంలో 1941లో వెలువడిన తీర్పు అంతర్జాతీయ న్యాయంలో దీనికి పునాది. 1979లో ఐరోపా దేశాలు జెనీవాలో ఒప్పందం చేసుకున్నాయి. దక్షిణాసియా 1998లో మాలే ప్రకటన దగ్గరే ఆగిపోయింది. దానికి చట్టబద్ధమైన కట్టుబాటు లేదు. ఈలోగా 1994 నాటి ఐక్యరాజ్యసమితి మానవాభివృద్ధి నివేదిక, భద్రత అంటే దేశ సరిహద్దుల కాపలా మాత్రమే కాదని, తిండి, ఆరోగ్యం, జీవనోపాధి, పర్యావరణం కూడా భద్రతేనని చెప్పింది. ఉత్తరాంధ్ర చరిత్రను ఈ కొలమానంతో చూస్తే ఒక సంగతి తేటపడుతుంది. కాలుష్యాన్ని భద్రతా సమస్యగా ఇక్కడి జనం ఏనాడో గుర్తించారు. మన చట్టం మాత్రం ఇప్పటికీ పొగగొట్టాన్నీ పట్టణ పొలిమేరనూ దాటి చూడడం లేదు.

శ్రీకాకుళం జిల్లా సోంపేట బీల భూముల్లో 2,640 మెగావాట్ల బొగ్గు విద్యుత్ కేంద్రం తలపెట్టినప్పుడు రైతులు, మత్స్యకారులు ఎదురు తిరిగారు. వానాకాలంలో నీరు నిలిచే ఆ చిత్తడి నేల వాళ్లకు సాగునీరు, చేపలు, పశువుల మేత. బూడిద, పొగ, వేడినీరు తమ కంచం మీద పడతాయన్నది వాళ్ల వాదన. 2010 జులై 14న పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. అదే రోజు జాతీయ పర్యావరణ అప్పీలు సంస్థ ఆ ప్రాజెక్టు అనుమతిని రద్దు చేసింది. 2011 ఫిబ్రవరి 28న సంతబొమ్మాళి మండలం కాకరాపల్లిలో, తంపర అనే చిత్తడి భూముల్లో మరో థర్మల్ కేంద్రం విషయంలోనూ నెత్తురు పారింది. కరెంటు, కొలువులు కూడా భద్రతే కదా అన్న అభ్యంతరాన్ని కొట్టిపారేయలేం. వలసలతో ఊళ్లు ఖాళీ అయ్యే జిల్లాలో ఆ మాటకు బరువుంది. కానీ కరెంటు తీగల వెంట దూరప్రాంతాలకు పోతుంది, బూడిద మాత్రం పక్క పొలంలో పడుతుంది. లాభం ఒకరికి, నష్టం మరొకరికి అయినప్పుడు నష్టపోయేవాడి సమ్మతి లేకుండా దాన్ని అభివృద్ధి అనడం అన్యాయం.

ఇక కాలుష్యం కంటికి కనబడకుండా సాగించే రాకపోకలు. చలికాలంలో గంగా మైదానం మీద పేరుకున్న మసక బంగాళాఖాతం మీదికి దిగుతుంది. 1999లో జరిగిన హిందూ మహాసముద్ర ప్రయోగం ఉపఖండం పొగ సముద్రం మీద ఎంతో దూరం పరుచుకుంటుందని చూపింది. 2006లో ఇస్రో ఆధ్వర్యంలో సాగర్ కన్య నౌక మీద జరిగిన పరిశీలనలు బంగాళాఖాతం మీది ధూళినీ లెక్కకు తెచ్చాయి. 2002లో ‘ఆసియా గోధుమరంగు మేఘం’ అన్న పేరు బయటికొచ్చినప్పుడు, కట్టెల పొయ్యి వెలిగించే పేదదేశాల మీదికి నేరం నెడుతున్నారని భారత్ నిరసన తెలిపింది. ఆ అభ్యంతరంలో న్యాయముంది. తర్వాత ఆ పేరులోంచి ఆసియాను తీసేశారు. అయినా పేరు మారినంత మాత్రాన ఊపిరితిత్తుల్లోకి పోయే ధూళి తగ్గదు.

దూరపు పొగ సంగతి సరే, ఇక్కడి పొగ మాటేమిటని అడగవచ్చు. పలాస జీడిపప్పు బట్టీలు, గరివిడి, బొబ్బిలి ప్రాంతాల ఫెర్రో మిశ్రమ కర్మాగారాలు, మన్యంలో పోడు మంటలు, చెత్త కుప్పలకు పెట్టే నిప్పు, వంటచెరకు పొగ — వీటిని వదిలేసి పొరుగును నిందించడం తగదు. 2019 జనవరిలో మొదలైన జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమం జాబితాలో శ్రీకాకుళం, విజయనగరం రెండూ ఉన్నాయి. దాని కింది ప్రణాళికలు మాత్రం పట్టణాల వారీగా తయారైనవి. రోడ్ల దుమ్ము ఊడవడం, చెత్త తగలబెట్టకుండా చూడడం మున్సిపాలిటీ చేయగలదు. విశాఖ వైపు నుంచో, ఇచ్ఛాపురం అవతల ఒడిశా నుంచో వచ్చే గాలి మీద దానికి ఏ అధికారమూ లేదు. రాష్ట్రాల గీతలు దాటి ఆదేశాలివ్వగల వాయు నాణ్యత కమిషన్ 2021 చట్టంతో ఏర్పడింది గాని, అది ఢిల్లీకి, దాని చుట్టుపక్కలకే పరిమితం. 1991లో సుభాష్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు కాలుష్యం లేని గాలిని జీవించే హక్కులో భాగమన్నప్పుడు ఢిల్లీ వాళ్లకు మాత్రమే అనలేదు.

థర్మల్ కేంద్రాల గంధకపు పొగకు 2015 డిసెంబరులో కేంద్రం హద్దులు విధించింది. గడువులను పలుమార్లు పొడిగించారు. 2025 జులైలో, ఢిల్లీ ప్రాంతానికీ పది లక్షల జనాభా దాటిన నగరాలకూ, కాలుష్యం మితిమీరిన ప్రాంతాలకూ, గాలి ప్రమాణాలు అందుకోని పట్టణాలకూ 10 కిలోమీటర్లకు ఆవల ఉన్న కేంద్రాలకు, అంటే దేశంలో అత్యధిక భాగానికి, ఆ హద్దుల నుంచి మినహాయింపు దొరికింది. మన బొగ్గులో గంధకం తక్కువ, గాలిలో సల్ఫర్ డయాక్సైడ్ పరిమితికి లోపలే ఉందన్నది ప్రభుత్వ వాదన. ఆ వాయువు వరకు అది నిజమే కావచ్చు. కానీ ఆ వాయువు గాలిలోనే సల్ఫేటు ధూళిగా మారి వందల కిలోమీటర్లు ప్రయాణిస్తుంది. పుట్టినచోట కొలిచి, చేరినచోట కొలవకుండా గీసిన 10 కిలోమీటర్ల గీత నగరవాసికి ఒక రక్షణ, సోంపేట రైతుకు మరో రక్షణ ఇస్తోంది.