పని అడిగిన తేదీ
కరువు పని అంటే ఒకప్పుడు సర్కారు దయ. పెడితే ఉన్నట్టు, లేకపోతే లేదు. అది హక్కు అని మొదట చట్టం చేసుకున్నది మహారాష్ట్ర, 1977లో. దేశమంతటికీ ఉపాధి హామీ చట్టం 2005లో వచ్చింది. 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో పథకం మొదలైంది.

2005 చట్టంలో కుటుంబానికి ఏడాదికి 100 రోజుల పని అని రాసిన మాట అందరికీ తెలుసు. ఆ చట్టంలోనే ఉన్న ఇంకో మాట చాలామంది చెవిన పడలేదు. పని అడిగిన 15 రోజుల్లో చూపించకపోతే నిరుద్యోగ భృతి ఇవ్వాలి. మొదటి 30 రోజులకు కూలిలో నాలుగో వంతుకు, ఆపైన సగానికి తగ్గకూడదు. అయితే ఎప్పుడు అడిగామో రుజువేది? అందుకే దరఖాస్తుకు తేదీ వేసిన రసీదు ఇవ్వాలని కూడా రాశారు. నోటిమాటగా అడిగితే తేదీ ఉండదు. తేదీ లేకపోతే భృతీ ఉండదు.

భృతి వచ్చేదాకా పొయ్యి ఆగదు కదా! బియ్యానికో, మందులకో సంఘం పొదుపులోంచి చిన్న అప్పు తీసుకుని, కూలి పడ్డాక కట్టేవాళ్లం. కూలి ఆలస్యమైతే కిస్తీ ఆగేది, వడ్డీ మాత్రం ఆగేది కాదు. ఆ ఆలస్యానికీ పరిహారం అడిగే వీలు చట్టంలో పెట్టారు. దానికీ తేదీలే ఆధారం. మా సంఘాల్లో కొందరు జాబ్ కార్డునూ రసీదునూ పొదుపు పుస్తకంలోనే పెట్టి దాచేవారు.