కక్కలేక మింగలేక

"కక్కలేక మింగలేక" అన్న జాతీయాన్ని ముప్పది యేండ్ల పాటు పిల్లల చేత సొంత వాక్యాలలో ప్రయోగింపజేసినవాడను. ఒక ప్రాణి మింగినదానిని నిజంగానే కక్కినప్పుడు ఏమి చేయవలెనో మాత్రం నాకు తెలియదని మొన్నటి శీతకాలంలో తెలిసివచ్చింది.

మా పెద్దబ్బాయి కుటుంబం అమెరికాలో, టెక్సాస్ రాష్ట్రంలో ఉన్నది. పన్నెండేండ్ల మనవడు ఒక పాముపిల్లను పెంచుతున్నాడు. అక్కడ దానిని కార్న్ స్నేక్ అంటారు, అనగా మొక్కజొన్న పాము. విషం లేనిది, సాధువైనది. ఒకనాటి తెల్లవారుజామున ఫోను మ్రోగింది. "తాతయ్యా, మింగిన ఎలుకపిల్లని కక్కేసింది. పాపం ఆకలిగా ఉంటుందని మర్నాడే ఇంకొకటి పెట్టాను. అదీ కక్కేసింది. చచ్చిపోతుందా?" అని ఏడుపు గొంతుతో అడిగాడు. వాళ్ల నానమ్మ "పాముకోసం ఏడుపేమిట్రా, నాగులచవితినాడు పాలు పోసి దణ్ణం పెట్టుకోవాలి గానీ" అన్నది. నేను నవ్వలేకపోయాను. తన చేతులతోనే దానిని చంపుకుంటున్నానని వాడి భయం. నాకు తెలిసిన వైద్యం ఏమీ లేదు. తెలిసినదల్లా పుస్తకాలు తిరగవేయడం. అలా తిరగవేయగా పోగైన చరిత్ర ఇది.

మన పూర్వులు పామును "పవనాశనుడు" అన్నారు. గాలిని భుజించేవాడని అర్థం. ఈ పదాన్ని కవిసమయంగా భావించి దాటిపోయేవాడను. ఇప్పుడు ఆలోచిస్తే దీని వెనుక ఎవరి పరిశీలనో ఉన్నదనిపిస్తుంది. వారాలూ నెలలూ ఏమీ తినకుండా పడి ఉన్న ప్రాణిని చూసినవాడు మరేమనుకుంటాడు? "అజగరము" అన్న మాట ఇందుకు రెండవ కొస. మేకను మింగేది. ఈ రెండు మాటల నడుమనే పాము జీర్ణక్రియ అంతా ఉన్నది: చాలాకాలం శూన్యం, ఆపైన ఒక్కసారిగా భారం.

పాముల శాస్త్రానికి మన తెలుగునేలతో గల సంబంధం చాలమందికి తెలియదు. పాట్రిక్ రస్సెల్ అనే వైద్యుడు 1781లో తన సోదరునితో విశాఖపట్టణం వచ్చి, తరువాత ఈస్టిండియా కంపెనీకి ప్రకృతి శాస్త్రజ్ఞుడైనాడు. కోరమండల్ తీరపు పాములను గురించిన ఆయన గ్రంథం 1796లో లండనులో అచ్చయింది. అందులో పాములకు ఆయన రాసుకున్న పేర్లలో పెక్కు మన తెలుగు పేర్లే. కొండచిలువ "పెద్ద పొడ". తరువాతి కాలంలో ఆయన పేరే పెట్టబడిన రక్తపింజర "కాటుక రేకుల పొడ". కట్లపాముల జాతికి శాస్త్రజ్ఞులు వాడే "బంగారస్" అన్న లాటిను పేరు మన బంగారమే! పొడ అంటే మచ్చ. మనవడి పాముకు 1766లో లిన్నేయస్ పెట్టిన "గుటాటస్" అన్న మాటకు కూడ చుక్కలు గలదనే అర్థం. పేరు పెట్టేవాడి కన్ను ఎక్కడైనా ముందుగా వంటి మీది మచ్చ పైననే పడుతుంది కాబోలు.

పేర్లు పెట్టడం వేరు, పెంచడం వేరు. పాములకోసం ప్రత్యేకించి ఒక భవనాన్ని లండను జంతుప్రదర్శనశాలవారు 1849లో తెరిచారు. ప్రపంచంలో అటువంటిది అదే మొదటిది. వెచ్చదనం కోసం పాముల పెట్టెలలో ఉన్ని కంబళ్లు పరిచేవారు. 1851లో అక్కడి బోవా పాము ఒకటి తన కంబళినే మింగివేసింది. నెలకు పైగా కడుపులో ఉంచుకొని, చివరకు బయటికి కక్కింది. ఇది పత్రికలకు వేడుక అయింది. నాకు మాత్రం అందులో మరొకటి కనబడుతుంది: పాముకు వెచ్చదనం కావాలని వారికి తెలుసు, ఎందుకు కావాలో ఇంకా పూర్తిగా తెలియదు. కంబళి మనిషికి వెచ్చదనమిస్తుంది, మనలోని వేడి బయటికి పోకుండా ఆపుతుంది కనుక. తనలో వేడిని పుట్టించుకోలేని ప్రాణికి కంబళి కప్పితే ఏమి లాభం?

లోపలి సంగతి బయటపడడానికి చాలకాలం పట్టింది. 1990 దశకంలో స్టీఫెన్ సెకోర్, జారెడ్ డైమండ్ అనే ఇద్దరు అమెరికా శాస్త్రజ్ఞులు బర్మా కొండచిలువలను పరిశీలించారు. ఉపవాసంలో ఉన్న కొండచిలువ తన జీర్ణకోశాన్ని దాదాపు కట్టిపెట్టుకుంటుంది. కడుపులో ఆమ్లం కూడ ఊరదు. ఆహారం దిగగానే ఆమ్లం పుడుతుంది, రెండు మూడు రోజులలో చిన్నప్రేవు బరువు రెట్టింపవుతుంది. గుండె సైతం నలభై శాతం దాకా పెరుగుతుందని 2005లో మరికొందరు చూపారు. పొయ్యి వెలిగించడం కాదు ఇది, ప్రతి భోజనానికీ వంటిల్లు కొత్తగా కట్టుకోవడం! తరచుగా తినే మొక్కజొన్న పాములో ఈ మార్పు ఇంత తీవ్రంగా ఉండదు గాని సూత్రం అదే. ఆ పని అంతా బయటి వేడి మీద ఆధారపడినది. వేడి చాలకపోతే జీర్ణం మందగిస్తుంది, లోపలి ఎలుక కుళ్లడం మొదలవుతుంది. అప్పుడు పాము చేయగల తెలివైన పని ఒక్కటే, కక్కివేయడం. తిన్న వెంటనే ఎవరైనా ఎత్తి పట్టుకున్నా అంతే. అడవిలో నిండు కడుపుతో పరుగెత్తలేదు కనుక, బరువు దించుకొని పారిపోవడం దాని సహజ లక్షణం.

ఈ మొక్కజొన్న పాము ఇండ్లలోకి వచ్చిన కథ కూడ చిత్రమైనదే. నార్త్ కరొలినాలో 1953లో నల్లరంగు లేని పాము ఒకటి దొరికింది. బెర్నార్డ్ బెక్టెల్ అనే చర్మవైద్యుడు దానితో సంతానాన్ని పెంచి, 1961 నాటికి ఆ వర్ణలోపం పిల్లలకు సంక్రమించే తీరును తేల్చాడు. చర్మవైద్యునికి చర్మం రంగు మీద ఆసక్తి సహజమే కదా! ఎర్రవి, తెల్లవి, నారింజ రంగువి అంటూ నేడు పెంచుతున్న వన్నెల పరంపరకు అది ఆరంభం. పొడను చూసి పేరు పెట్టిన మనిషి చివరకు ఆ పొడనే మార్చివేశాడు.

ఇక రోగాల సంగతి. పాముల కడుపు గోడలను దళసరి చేసి, పదే పదే కక్కించే సూక్ష్మజీవిని 1977లో గుర్తించారు. క్రిప్టోస్పోరిడియం దాని పేరు. బోవాలను పీడించే మరొక వ్యాధికి వైరస్ కారణమని 2012లో గాని తెలియరాలేదు. కనుక ఒకసారి కక్కితే పెంచేవాడి పొరపాటును వెదకాలి, మళ్లీ మళ్లీ కక్కితే పాముల వైద్యుని వెదకాలి.

మనవడిని ఒక్కొక్క ప్రశ్నే అడిగాను. తినిపించిన సాయంకాలమే స్నేహితులకు చూపడానికి చేతిలోకి తీసుకున్నాడట. పెట్టె అడుగున ఉండే వేడిపలక ఏ కారణం చేతనో పనిచేయడం మానివేసింది. వెచ్చని వైపున ముప్పది డిగ్రీల దాపున ఉండవలసినది ఇరవైమూడే ఉన్నది. మర్నాడే మళ్లీ పెట్టడం మరొక తప్పు. కక్కినప్పుడు కడుపులోని ఆమ్లం పోతుంది, గొంతు ఒరుసుకుపోతుంది. అది కోలుకోవడానికి పది పదునాలుగు రోజులైనా కావాలి. అంతవరకు నీళ్లు తప్ప ఏమీ వద్దు, ముట్టుకోవద్దు, ఆ తరువాత మునుపటి దానిలో సగమంత ఎలుకపిల్ల చాలు. పాముల వైద్యురాలు కూడ ఇదే చెప్పింది.

వాడికి కష్టమైనది ఆ పదునాలుగు రోజులు ఏమీ చేయకుండా ఉండడమే. ఆకలితో ఉన్నదానికి అన్నం పెట్టకపోవడం ప్రేమ ఎలా అవుతుందని అడిగాడు. పవనాశనుడని అందుకే అన్నారురా అని అర్థం చెప్పాను. వాడు ఆ మాటను ఇంగ్లీషు అక్షరాలలో రాసి పెట్టె మీద అంటించాడు.

పదిహేనవ నాడు చిన్న ఎలుకపిల్లను మింగింది. ఒక రోజు, రెండు, మూడు. ఐదవ నాటి తెల్లవారుజామున మళ్లీ ఫోను. నా గుండె ఝల్లుమన్నది. "తాతయ్యా, రెట్ట వేసింది!" అని కేక. జీర్ణమైనదన్నమాట. మా ఆవిడను లేపి చెప్పాను. "ఈ వార్త కోసమా నన్ను లేపారు?" అని విసుక్కున్నది గాని, ఆ పూట దేవుడి దగ్గర పాల గిన్నె పెట్టింది. పాములు పాలు త్రాగవని, దాహంతో మాడ్చితే తప్ప ముట్టవని ఆమెకు చెప్పబోయి ఊరకున్నాను.